మీసాలాయన చొక్కా

జూన్ వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్తాను. కొత్త బ్యాగులు, కొత్త లంచ్ బాక్సులు, కొత్త పెన్సిల్ డబ్బాలు పట్టుకుని పిల్లలు దిగుతారు. వాటిలో కొన్నింటి మీద తప్పకుండా ఆ మొహం ఉంటుంది. టోపీ, గుబురు మీసం, బొద్దు ముక్కు, కింద ఇంత పొట్ట. ఈ పిల్లల అమ్మానాన్నలు చిన్నప్పుడు ఆడిన వీడియో గేములో బొమ్మ అది. ఆ తర్వాత ఎన్ని ఆటలొచ్చాయి, ఎన్ని బొమ్మలు అడ్రసు లేకుండా పోయాయి! ఈయన మాత్రం పోడు. అసలు పేరేంటో పిల్లలు నాకు చాలాసార్లు చెప్పారు. మా ఇంట్లో ఆయన మీసాలాయన, అంతే.

మా పుట్టిల్లు బందరు గిలకలదిండిలో. అమ్మ ఎండుచేపలు అమ్మేది. ఆమెకి నేనూ, నా తర్వాత తమ్ముడూ. వాడు అన్నం మానేసి పోరు పెడితే, అమ్మ ప్రాణం విసిగి కోనేరు సెంటర్లో టీవీ గేము కొనిచ్చింది. క్యాసెట్టు సరిగ్గా ఆడకపోతే ఊడదీసి, ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టేవాడు. అమ్మ బుట్ట దించి, కాళ్ళు కడుక్కుని, గోడకి జారగిలబడి చూసేది. ఈయనకి పెళ్ళాం పిల్లలు లేరా, పొద్దస్తమానం ఈ గెంతులేంటి అనేది. మీసాలాయన గోతిలో పడితే అయ్యో అని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. మరుక్షణం ఆయన మళ్ళీ మొదట్లో ప్రత్యక్షమైతే, చచ్చినోడు ఎలా వచ్చాడురా అని తమ్ముణ్ణి కసిరేది. అదేనమ్మా ఆట అని వాడు నవ్వేవాడు.

వాడికి చదువు అబ్బలేదు. చేపల వేటకి బోటెక్కాడు. పెళ్ళి మాటెత్తితే రేపు చూద్దాం అని తప్పించుకునేవాడు. నలభై దగ్గరపడుతున్నా ఫోనులో అదే ఆట. గేదెలా ఎదిగావు, ఇంకా ఆ బొమ్మేంట్రా, సిగ్గు లేదూ అని ఏడిపించేదాన్ని. ఒకసారి మాత్రం నవ్వకుండా జవాబు చెప్పాడు.

"మిగతా హీరోలందరూ కండలు చూపిత్తారక్కా. ఈయన పొట్టేసుకుని పనికెళ్ళినట్టు ఎళ్తాడు. మనలాంటోడు."

తర్వాత ఆలోచిస్తే నిజమేననిపించింది. వేసుకునేవి పనివాడి బట్టలు. పడితే ఎవర్నీ తిట్టడు, లేచి మళ్ళీ మొదటి అడుగు నుంచి మొదలుపెడతాడు. హార్బర్లో నేను చూసిన మగాళ్ళలో సగంమంది అలాంటివాళ్ళే. ఆ బొమ్మ ఇన్నేళ్ళు ఎందుకు నిలబడిందని ఎవరైనా అడిగితే, నా దగ్గర తమ్ముడి మాట కంటే మంచి జవాబు లేదు.

వేట నిషేధం ఎత్తేసి బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగే రోజు మా దగ్గర పండగలా ఉంటుంది. ఒక్కో బోటు వాళ్ళు ఒక్కో రకం టీషర్టులు కుట్టించుకుంటారు, బోటులో అందరికీ ఒకటే. ఒక బోటుకి అమ్మవారి బొమ్మ, ఒక బోటుకి సినిమా హీరో. ఆ ఏడు బొమ్మ ఎంచే వంతు తమ్ముడికి వచ్చింది. ఇంకేముంది, మీసాలాయన. బోటు నడిపే సరంగు పెద్దాయన ముందు మొహం చిట్లించాడట. ఫోనులో బొమ్మ చూశాక, అచ్చం నాలాగే ఉన్నాడు కదరా అని ఒప్పుకున్నాడట. ఎర్ర టీషర్టులు, అన్నీ ఒకే సైజు, గుండె మీద మీసాలు. హార్బరంతా పడిపడి నవ్వింది. పండగ అయిపోయాక అవే పనిబట్టలయ్యాయి.

ఆ వానాకాలంలోనే, వేట నుంచి తిరిగొస్తుంటే మొగ దగ్గర, అంటే నీటి పాయ సముద్రంలో కలిసే చోట, పెద్ద అల కొట్టి బోటు తిరగబడింది. వెనక వస్తున్న బోటు వాళ్ళు దొరికినవాళ్ళని దొరికినట్టు లాగారు. ఇద్దరు దొరకలేదు. ఒకడు మా తమ్ముడు. రెండోవాడు మా వీధి చివరింటి కుర్రాడు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు, చంటిపాప ఉంది. వయసులో చిన్నవాడే గానీ ఒడ్డూ పొడుగూ ఇద్దరిదీ ఒకటే.

కొన్నాళ్ళకి పాలకాయతిప్ప దగ్గర ఒక శవం ఒడ్డుకొచ్చిందని ఫోనొచ్చింది. పోలీసాయన చెప్పిన ఆనవాలు ఒక్కటే: ఎర్ర టీషర్టు, దాని మీద టోపీ పెట్టుకున్న మీసాల బొమ్మ. మా ఇంట్లో ఏడుపు మొదలైంది. వీధి చివరింట్లోనూ మొదలైంది. ఒక్క శవానికి రెండిళ్ళు ఏడ్చాయి. పాడు బొమ్మ, అందరి గుండెల మీదా ఒకటే బొమ్మ!

రెండిళ్ళవాళ్ళం ఒకే వ్యానులో బయల్దేరాం. చల్లపల్లిలో టీ కోసం ఆపితే ఎవరూ దిగలేదు. ఆ కుర్రాడి పెళ్ళాం ఒళ్ళో పాప నిద్రపోతోంది. నా మనసులో ఏముందో దాచుకోను. మావాడు కాకూడదని కాసేపు, మావాడే అయితే బాగుండును, ఇంక ఈ వెతుకులాట నావల్ల కాదని కాసేపు అనుకున్నాను. ఆ అమ్మాయీ అదే అనుకుంటూ ఉంటుంది. ఆమె మొహంలోకి చూడాలంటే భయమేసింది.

ఆస్పత్రిలో మొహం చూడొద్దన్నారు. చూడ్డానికి అక్కడ ఏమీ మిగల్లేదట. కత్తిరించి తీసిన టీషర్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చూపించారు. మనిషిని గుర్తుపట్టకుండా చేసిన సముద్రం ఆ బొమ్మ రంగు కూడా పోగొట్టలేకపోయింది. మీసాలాయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూసి నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. ఆ అమ్మాయి కవరు చూస్తూనే మా ఆయనదే అని కూలబడిపోయింది. మావాడిదీ అదేనండీ అన్నాను నేను, తగువుకొచ్చినదానిలా. పోలీసాయన మంచివాడే పాపం, తల పట్టుకున్నాడు. పరీక్షకి పంపితే తేలుతుంది గానీ ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడు. అప్పటిదాకా శవాన్ని ఎవరికీ ఇవ్వడానికి లేదన్నాడు.

అప్పుడు అమ్మ లేచింది. మొహం వద్దు, కాళ్ళు చూపించండి చాలు అంది. నేనూ వస్తానంటే వద్దంది. ఒక్కతే లోపలికెళ్ళింది. బయటికొచ్చేటప్పుడు కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"మావోడు కాదు బాబూ. ఆ పిల్ల మొగుడే," అంది.

నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను, పాపిష్టిదాన్ని. ఇంక తగువు లేదని శవాన్ని వాళ్ళకిచ్చేశారు, ఆ సాయంత్రమే బందర్లో దహనం చేశారు. ఆడవాళ్ళు రాకూడదన్నా వినకుండా అమ్మ శ్మశానం దాకా నడిచింది. ఎంత పెద్ద మనసే మీ అమ్మది అని వీధిలో అందరూ నాతో అన్నారు. రెండో శవం ఎక్కడా తేలలేదు.

నెలలు గడిచాయి. తమ్ముడికి కర్మ చేసేద్దామని మావయ్య వచ్చాడు. శవం దొరక్కపోతే దర్భలతో మనిషి బొమ్మ కట్టి దహనం చేస్తారు. మా నాన్నకి అలాగే చేశారు. తమ్ముడు ఇంకా పాలు తాగుతుండగా ఆయన సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. బోటు వచ్చిన ప్రతిసారీ అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని ఒడ్డుకి పరిగెత్తేదట. ఏళ్ళ తరబడి బొట్టూ గాజులూ తియ్యనివ్వలేదట. చివరికి పెద్దలు గట్టిగా పట్టుపట్టి దర్భబొమ్మ చేయించారు. ఇప్పుడు కొడుక్కి చెయ్యమంటే అమ్మ మళ్ళీ ససేమిరా అంది. మావయ్య బతిమాలాడు, కులపెద్దలు చెప్పి చూశారు. ఉహూఁ.

గుడివాడ నుంచి నేనొచ్చాను. ఈవిడ ఇంకా ఎదురుచూస్తోంది, ఆ పాడు ఆట చూసీ చూసీ బుర్ర చెడింది అనుకున్నాను. నాకు తిక్క రేగింది.

"వాడేం మీసాలాయన కాదమ్మా, పడ్డాక మళ్ళీ మొదట్నించి రావడానికి. పోయాడు. ఒప్పుకో," అని అరిచాను.

అమ్మ వాకిట్లో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"పోయాడని నీకంటే ముందు నాకు తెలుసే. ఆ కాళ్ళు వాడియ్యే. ఎడం కాలి చిటికెనేలు పక్కేలి మీదకెక్కి ఉంటది. పురిట్లో రోజూ నూనె రాసి సాగదీశాను, సరవ్వలేదు."

పక్కన కూలబడి, మరి ఆ రోజు కాదని ఎందుకు చెప్పావని అడిగాను.

"ఆ పిల్ల ఒళ్ళో చంటిది ఉంది కదే. బోటొచ్చినప్పుడల్లా దాన్ని చంకనేసుకుని ఒడ్డుకి పరిగెత్తాలా అది? నాకు తెలిసిపోయిందిగా, నాకింక శవం దేనికి?" అంది. చాటలోని చేపల్ని ఒకసారి కుదిపి, గొంతు తగ్గించి అంది, "దర్భబొమ్మంటారేంటే అందరూ. కాలిపోయినోణ్ణి మళ్ళీ ఎట్టా కాల్చమంటారే?"

ఇందులో పేర్లూ, ఏ ఏడో రాయకపోవడానికి కారణం ఇదే.

ఆ కుర్రాడి సంవత్సరీకానికి అమ్మతో నేనూ వెళ్ళాను. పాప గోడ పట్టుకుని నడుస్తోంది. దండ వేసిన పెళ్ళి ఫొటోకి అమ్మ దణ్ణం పెట్టింది, నేనూ పెట్టాను. ఆ అమ్మాయి అమ్మ చెయ్యి పట్టుకుంది. మీ అబ్బాయి కూడా దొరికుంటే మీకూ మనసు కుదుటపడేదండీ పిన్నిగారూ అని ఏడ్చింది. అవునమ్మా అంది అమ్మ. విస్తళ్ళు వేశారు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, మావాడి సంవత్సరీకం భోజనం ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాం.