రూతమ్మ గారి కార్ల క్యాసెట్టు

రాజోలు బస్టాండు పక్క సందులో ప్రభుదాసు రిపేరు షాపు ఉంది. మధ్యాహ్నం దాకా సెల్‌ఫోన్లు, మిక్సీలు చూస్తాడు. అవి తెమిలాక పాత వీడియో గేమ్ క్యాసెట్లు ముందేసుకుంటాడు. ఆ పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కొరియర్లో పంపుతారు.

పోయినేడు వినయ్ అనే హైదరాబాదాయన ఫోన్ చేసేడు. జపాన్‌లో మాత్రమే అమ్మిన ఒక విమానాల గేమును క్యాసెట్టుగా చేసిపెట్టమన్నాడు.

"ప్రోగ్రాం నా దగ్గరుందండీ. చిప్పే దొరకట్లేదు" అన్నాడు వినయ్.

ఆ కాలపు గేమ్ డబ్బాలకి లెక్కలు చేసే సత్తా తక్కువ. మలుపు తిరిగినప్పుడల్లా తెరమీద నేలంతా తిరగాలంటే క్షణానికి బోలెడు గుణకారాలు చెయ్యాలి. అందుకని కొన్ని గేములకి క్యాసెట్టు లోపలే ఇంకో చిప్పు పెట్టేవారు. డబ్బా అడిగిన లెక్కలన్నీ అది చేసి జవాబు అందిస్తుంది. ఇప్పుడా చిప్పులు విడిగా దొరకవు. అదే చిప్పున్న వేరే క్యాసెట్టును వెతికి, అందులోని గేమును పీకేసి, కావలసిన గేమును ఎక్కించాలి.

అలాంటిది దాసు ఇంట్లోనే ఉంది. వాళ్లమ్మ రూతమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో తొమ్మిదేళ్లు పనిచేసి, వచ్చేటప్పుడు తెచ్చుకున్న కార్ల రేసు క్యాసెట్టు. బీరువాలో చీరల కింద దాచుకుంది.

"అమ్మా, ఇది తీసుకెళ్తున్నా."

"ఆడుకుంటావా? జాగ్రత్త నాన్నా" అంది ఆవిడ.

కాదని చెప్పడానికి నోరు రాలేదతనికి. షాపులో, ఒక్కసారి టీవీకి పెట్టయినా చూడకుండా విప్పేడు. పాత గేమున్న మెమరీని ఊడదీసి కొత్తది అతికించేడు. గుండీ అంత బ్యాటరీ పాతబడిందని దాన్నీ మార్చేడు. తెరమీద విమానం లేచేసరికి ఉబ్బి తబ్బిబ్బయ్యేడు.

నాలుగు నెలల తరవాత రూతమ్మకి కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆవిడ ఎత్తుకుని పెంచిన ఫైసల్! ఇప్పుడు గడ్డం పెంచిన పెద్ద మనిషి. అక్కడ పనిచేసే అల్లవరం కాంతాన్ని అడిగి నంబరు పట్టుకున్నాడట. ఇద్దరూ అరబ్బీలో గంటసేపు నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేసి ఆవిడ కొడుకు దగ్గరికొచ్చింది.

"ఒరే దాసూ, ఆ క్యాసెట్టు ఓసారి టీవీకి పెట్టరా. ఇప్పటికీ తన పేరే పైనుందా అని ఫైసలు అడుగుతున్నాడు."

"పేరేంటమ్మా?"

"గెలిచినోళ్ల పేర్లుంటాయి కదా. వాడిది పైన, నాది కింద. ఇంగ్లీషులో నా పేరు రాయడం నేర్పింది వాడేరా. ఆరు, యు, టి, హెచ్చు. నా వేలు పట్టుకుని నొక్కించేవోడు. అప్పటికి వాడికి ఆరేళ్లు."

దాసుకి అప్పుడు తట్టింది. ఆ పేర్లు ఇన్నేళ్లూ నిలిచింది ఆ బ్యాటరీ మీదే. దాన్ని పీకిన క్షణంలోనే పోయేయి.

"విప్పేసేనమ్మా. చిప్పు కోసం. అది హైదరాబాదు వెళ్లిపోయింది."



"నాకు చెప్పలేదేరా?"

దాసు అదే గేము ఇంకొకటి ఎక్కడో సంపాదించి, రెండు పేర్లూ తనే ఎక్కించి వారం తిరక్కుండా ఇంటికి తెచ్చేడు. రూతమ్మ తెరకేసి చూసింది.

"ఇది నువ్వు రాసింది."

"ఆయ్" అన్నాడు తలొంచుకుని.

"తీసెయ్యి నాన్నా."

ఆ సాయంత్రం ఆవిడే ఫైసల్‌కి వీడియో కాల్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. భాష తెలియకపోయినా దాసు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఫోన్ తెరమీద ఫైసల్ ఏదో మెల్లిగా అన్నాడు.

"ఏమన్నాడమ్మా?"

"నిన్ను తిట్టొద్దన్నాడు" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు షాపుకి ఏ క్యాసెట్టొచ్చినా దాసు ముందు టీవీకి పెట్టి, అందులో ఉన్న పేర్లన్నీ ఫోటో తీసి, క్యాసెట్టు ఇచ్చినవాళ్లకి పంపుతాడు. "వీళ్లెవరో ఓసారి ఇంట్లో కనుక్కోండి" అంటాడు. కొందరు నవ్వుతారు. వాళ్లు అడిగి చెప్పేదాకా మాత్రం స్క్రూ తిప్పడు.