ముప్పై రెండో వారం యజమానురాలు

“మార్లిస్, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు పోయాక ఈ వారం ఎవరి మెడకు చుట్టుకుంటుంది?”

అల్లుడు కర్టిస్ ఈ మాట ఈతకొలను పక్కన, పొయ్యి మీద సాసేజీలు తిప్పుతూ అడిగాడు. చుట్టూ పదిమందిమి ఉన్నాం. మార్లిస్ ప్రూయిట్ కాగితం పళ్ళెంలో బన్నులు సర్దుతోంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. తుంటి ఎముక మార్పించుకుని అప్పటికి ఏడాది దాటింది.

“మెడకు చుట్టుకోవడమేంటయ్యా! ఆస్తి అది. రిజిస్టరైన ఆస్తి. నా తర్వాత జెనెల్‌ది.”

“నేనూ అదే అంటున్నా. జెనెల్‌ది అంటే నాది. నాకొద్దు.”

“ముందు ఆ సాసేజి మాడిపోతోంది చూసుకో,” అంది మార్లిస్.

అందరూ నవ్వారు. కూతురు జెనెల్ నవ్వలేదు.

మేం ముప్పై రెండో వారం వాళ్ళం. కిసిమీలో పెద్ద వినోద పార్కు గేటుకు నాలుగు మైళ్ళ దూరంలో హెరన్స్ ల్యాండింగ్ అనే రిసార్టు ఉంది. అక్కడ ఇల్లు అమ్మరు, ఇంట్లో వారం అమ్ముతారు. ఒక్క ఫ్లాటుకు, మరమ్మతులకు ఒక వారం పోను, యాభై ఒక్కమంది యజమానులు, ఎవరి వారం వాళ్ళది. మాది ఆగస్టు. ఫ్లోరిడాలో ఆగస్టు అంటే రోజూ మధ్యాహ్నం మూడింటికి ఉరుములు, ఈల ఊది అందరినీ కొలనులోంచి బయటికి తరమడం, తర్వాత గంటసేపు తడి సిమెంటు ఆవిరి. తెలిసి తెలిసి ఆ వారం కొనేవాళ్ళు బడి సెలవులతో ముడిపడి బతికేవాళ్ళే. టీచర్లు, స్కూలు బస్సు డ్రైవర్లు, బడి వంటశాలలో వడ్డించేవాళ్ళు. ప్రతి ఏడాదీ అవే ఫ్లాట్లలోకి అవే మొహాలు. మిగిలిన ఊళ్ళలో ఇరుగుపొరుగు వాళ్ళు మెల్లగా ముసలివాళ్ళవుతారు. మా దగ్గర ఏడాదికోసారి, ఒక్క దెబ్బలో అవుతారు. శనివారం సాయంత్రం కారు దిగేటప్పుడు చూస్తే చాలు, ఎవరికి ఏం ఆపరేషన్ అయిందో తెలిసిపోతుంది.

మార్లిస్‌ది ఒహాయోలో లైమా. ముప్పై ఒక్కేళ్ళు బడి వంటశాలలో పనిచేసింది. భర్త జీన్ గేరుపెట్టెల ఫ్యాక్టరీలో. 1994లో తొమ్మిదివేల ఎనిమిది వందల డాలర్లకు ఫ్లాటు నంబరు 214లో మా వారం కొన్నారు. అప్పుడు జెనెల్‌కు పదేళ్ళు. బాల్కనీలోంచి పార్కు బాణసంచా కనిపించేది. ఆరేళ్ళ తర్వాత రిసార్టు వాళ్ళే ఎదురుగా ఇంకో భవనం లేపారు. అప్పట్నుంచి రోజూ తొమ్మిదింటికి చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మార్లిస్ ఆ చప్పుడు వినడానికి కూడా కుర్చీ వేసుకుని కూర్చునేది.

ఇలాంటి కొనుగోలులో ఆనందం ఎన్నాళ్ళు నిలుస్తుందని నన్ను చాలామంది అడుగుతుంటారు. మార్లిస్ విషయంలో లెక్క సులభం. ఎనిమిదేళ్ళు. జెనెల్‌కు పద్దెనిమిది నిండేదాకా. ఆ తర్వాత పార్కు కోసం రావడం పోయి, వచ్చామనిపించుకోవడానికి రావడం మొదలైంది. 2016 తర్వాత మార్లిస్ పార్కు గేటులో అడుగే పెట్టలేదు, టిక్కెట్టు ధర చూసి. అయినా వచ్చేది. ఏడాదికి పందొమ్మిది వందల పన్నెండు డాలర్ల నిర్వహణ రుసుం కట్టి, పదహారు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, కొలను పక్కన మాతో పేకాట ఆడి వెళ్ళేది. జ్ఞాపకాలకు వెల కట్టలేమని మావాళ్ళు అంటారు. రిసార్టు వాళ్ళు ప్రతి జనవరిలో కట్టి పంపుతారు.

జీన్ 2014లో పోయాడు. మరుసటి ఆగస్టులో కొలను పక్కన అతని మడత కుర్చీ అతని చోటే వేసింది మార్లిస్. ఆదివారం ఎవరూ కూర్చోలేదు. సోమవారం ఎవరూ కూర్చోలేదు. బుధవారానికి దాని మీద మా అందరి తడి తువ్వాళ్ళు ఆరుతున్నాయి.  మార్లిస్ తన తువ్వాలు కూడా దాని మీదే వేసింది.

ఆమె మోసపోయిన అమాయకురాలని అనుకుంటే పొరపాటు. నాలుగు వందల మంది పిల్లలకు రోజూ పాలడబ్బాలు లెక్కపెట్టిన చెయ్యి అది. ప్రతి మంగళవారం రిసార్టులో యజమానులకు ఉచిత ఫలహారం ఉంటుంది. గుడ్లు, బేకన్, నారింజ రసం, చివర్లో వంద డాలర్ల బహుమతి కార్డు. బదులుగా తొంభై నిమిషాలు కూర్చుని, ఇంకా పెద్దది, ఇంకా మంచిది కొనమని వాళ్ళు చెప్పేది వినాలి. మార్లిస్ ఇరవై ఎనిమిదేళ్ళు ఆ గుడ్లు తిన్నది, ఒక్కసారి కూడా ఏమీ కొనలేదు. ముప్పై రెండో వారంలో ఆమె పేరు మారుమోగింది దానివల్లే. కొత్తగా వచ్చినవాళ్ళకు పాఠం చెప్పేది.

“రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకో. చెయ్యి ఖాళీగా ఉంటే పెన్ను పెడతారు. ‘ఆలోచిస్తాను’ అనకు, ‘వద్దు’ అను. మేనేజరు వచ్చాడా, లేచి బాత్రూముకి పో.”

మా వాళ్ళలో ఈ రోగం అందరికీ ఉంది. కొనకుండా బయటపడితే గెలిచామనుకుంటాం. ఫలహారం పెట్టేవాళ్ళకు తొందర లేదన్న సంగతి ఎవరికీ తట్టదు.

2009లో ఆమెతో ఒక సంతకం పెట్టించారు. కొనమని అడగలేదు. “ఉచితమే. మీ అమ్మాయి పేరు కూడా దస్తావేజులో చేరుస్తాం, వారసత్వంగా ఉంటుంది,” అన్నారు. పైసా ఖర్చు లేదు కాబట్టి మార్లిస్ ఓడిపోయినట్టు లెక్కవేసుకోలేదు. ఆ క్రిస్మస్‌కు జెనెల్‌కు దస్తావేజు నకలు రిబ్బను కట్టి ఇచ్చింది. జెనెల్ సంతోషపడింది కూడా. ఇరవై అయిదేళ్ళ పిల్లకు ఫ్లోరిడాలో ఆస్తి అంటే వినడానికి బాగుంటుంది.

తుంటి ఆపరేషను జరిగిన ఏడాది మార్లిస్ రుసుం కట్టలేకపోయింది. నోటీసులు వచ్చాయి, డ్రాయరులో పడేసింది. జెనెల్‌కు పంపినవి ఆమె పాత చిరునామాకు వెళ్ళాయి. 2023 మే నెలలో జెనెల్, కర్టిస్ ఇల్లు కొనడానికి బ్యాంకుకు వెళితే, అప్పు ఇవ్వం అన్నారు. కిసిమీలో జెనెల్ పేరు మీద బాకీ ఉంది. మార్లిస్ జీన్ ట్రక్కు అమ్మి ఆ బాకీ కట్టేసింది. బ్యాంకుకు అది చాలలేదు. ఏడాదేడాదీ పెరిగే రుసుం మీద పేరు ఉన్నంతకాలం అప్పు లేదంది. సెప్టెంబరు ఎనిమిదిలోగా పేరు తీసేసిన కాగితం తేవాలి, లేకపోతే ఆ ఇల్లు ఇంకొకరికి పోతుంది.

అందుకే ఆరేళ్ళ తర్వాత ఆ ఆగస్టులో జెనెల్, కర్టిస్ వచ్చారు. వాళ్ళు వచ్చింది సెలవు గడపడానికి కాదని సాసేజీల పొయ్యి దగ్గరే మాకు అర్థమైంది.

మంగళవారం మార్లిస్ ఫలహారానికి వెళ్ళింది. ఈసారి గుడ్ల కోసం కాదు, వారం వెనక్కి ఇచ్చేయడానికి. ఎదురుగా కూర్చున్న అమ్మాయి పేరు యెసేనియా. తర్వాత మార్లిసే మాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

“ఇచ్చేయాలా మిస్ మార్లిస్? అయ్యో, తప్పకుండా. మిమ్మల్ని ఎవరు పట్టుకుని ఆపుతారు?” అందట యెసేనియా. “కాకపోతే ఈ పాత వారాలు మేం వెనక్కి తీసుకోవడం మానేశాం. ఇప్పుడంతా పాయింట్లే, వాటితో ఖాళీ ఉన్న రోజులు తీసుకోవచ్చు. పాయింట్లయితే తీసుకుంటాం.”

“నా దగ్గర పాయింట్లు లేవుగా.”

“మార్చుకుంటే వస్తాయి. పాత దస్తావేజు రద్దవుతుంది. మీ అమ్మాయి పేరు ఈరోజే పోతుంది. కొత్తది మీ ఒక్కరి పేరు మీదే. తర్వాత మీకు నచ్చినప్పుడు వెనక్కి ఇచ్చేయడానికి అర్జీ పెట్టుకోండి.”

“పేరు ఈరోజే పోతుందా?”

“మధ్యాహ్నంలోగా.”

మార్లిస్ కాఫీ కప్పు కింద పెట్టి, “పెన్ను ఇటివ్వు,” అంది. ఆ మాట మాకు చెప్పేటప్పుడు కూడా గర్వంగానే చెప్పింది. కొనమన్నవాళ్ళకు వద్దనడం ఆమెకు వచ్చు. బయటపడే దారి చూపినవాళ్ళకు ఏం చెప్పాలో ఆమె పాఠాల్లో లేదు. మార్పిడి వెల ఇరవై ఒక్కవేల నాలుగు వందల డాలర్లు. వెయ్యి క్రెడిట్ కార్డు మీద, మిగిలిన ఇరవైవేల నాలుగు వందలు పదేళ్ళ వాయిదాలు. జెనెల్ పన్నెండింటికి కిందికి వచ్చి పాత దస్తావేజు వదులుకుంటున్నట్టు సంతకం చేసి, అమ్మను కావలించుకుని, కాగితం ఫొటో తీసి బ్యాంకుకు పంపింది.

గురువారం మార్లిస్ ఆ కాగితాల కట్ట కొలను దగ్గరికి తెచ్చింది, విజయం చూపించడానికి. కెంటకీ నుంచి వచ్చే బస్సు డ్రైవరు ఫ్లాయిడ్ కెచమ్ కట్ట అందుకున్నాడు. అతనికి కళ్ళజోడు లేదు, నాకు ఇచ్చాడు.

“నువ్వు కాలేజీలో చదువుకున్నదానివి కదా, చదివి చెప్పు. మన మార్లిస్ ఎంతకు గెలిచిందో.”

పదకొండో పేజీలో ఉంది. అప్పు పూర్తిగా తీరాకే వెనక్కి ఇవ్వడానికి అర్జీ. అంతకుముందు లేదు. వడ్డీ ఏడాదికి నూటికి 16.9. నిర్వహణ రుసుం దానికి అదనం. పైకి చదివాను.

 ఫ్లాయిడ్‌కు నోరాగదు.

“ఇరవై తొమ్మిదేళ్ళు వాళ్ళ గుడ్లు తిన్నావు మార్లిస్. మొన్న వాళ్ళు నిన్ను తిన్నారు.”

“నోర్ముయ్యి ఫ్లాయిడ్.”

“ఎనభై నాలుగేళ్ళకు తీరుతుందిలే. కేకు నేను తెస్తా.”

పన్నెండో పేజీలో ఇంకొకటి ఉంది. పది రోజుల్లోగా ఉత్తరం రాస్తే మొత్తం రద్దు చేసుకోవచ్చు. డబ్బు వెనక్కి వస్తుంది. పాత వారం వెనక్కి వస్తుంది, పాత పేర్లతో సహా. ఉత్తరం నేను రాసిస్తానన్నాను. ఫ్లాయిడ్ పోస్టాఫీసుకు తీసుకెళ్తానన్నాడు. మార్లిస్ కాగితాలు తీసుకుని పైకి వెళ్ళింది. నన్ను కూడా రమ్మంది, చదివి చెప్పడానికి.

214 వంటగదిలో జెనెల్ సంచులు సర్దుతోంది. నేను పన్నెండో పేజీ చదివాను. రద్దు చేసుకుంటే పేరు తిరిగి వస్తుందనే సరికి జెనెల్ చెయ్యి ఆగింది.

“అంటే ఇల్లు పోతుంది.”

“వేరే దారి చూద్దాం అమ్మాయ్, లాయరు...” అంది మార్లిస్.

“ఎనిమిదో తేదీ అమ్మా! ఏ లాయరు మూడు వారాల్లో చేస్తాడు? ఆ రిబ్బను కట్టిన కాగితం నేను అడిగానా? నువ్వే ఇచ్చావు.”

“బహుమతిగా ఇచ్చానే.”

“ఎవరైనా బహుమతికి బిల్లు పంపుతారా?” అన్నాడు కర్టిస్ తలుపు దగ్గర్నుంచి.

“నువ్వాగు కర్టిస్. అమ్మా, విను. రద్దు చేయకు. ప్లీజ్. వాయిదాలో సగం మేం కడతాం. ఒట్టు.”

మార్లిస్ నా వైపు చూసింది. పేజీలో చదవడానికి ఇంకేమీ లేదు. “సరే,” అంది. ఉత్తరం రాయలేదు.

దీన్ని త్యాగం అనకండి, మావాళ్ళు అప్పుడే ఆ మాట మొదలెట్టారు. పద్నాలుగేళ్ళ కిందట కూతురి నెత్తిన పెట్టిన బరువును ఆమె తన నెత్తికి మార్చుకుంది, మూట మార్చిన కూలీ మాత్రం రిసార్టు వాళ్ళకే చెల్లించింది. జెనెల్ చెడ్డదీ కాదు. ఇల్లు కావాలనుకుంది, దక్కించుకుంది.

జెనెల్ మూడు నెలలు సగం కట్టింది. నాలుగో నెల ఇంటిపన్ను వచ్చిందంది, ఆ తర్వాత పైకప్పు కారుతోందంది, ఆ తర్వాత మార్లిస్ అడగడం మానేసింది. కొలంబస్ శివారులోని ఆ ఇల్లు మార్లిస్ ఒక్కసారి చూసింది. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగకు నాలుగు రోజులు. అతిథుల గదిలో కర్టిస్ వ్యాయామ యంత్రం ఉండటంతో హాల్లో సోఫా మీద పడుకుంది.

పాయింట్లకు వారం నంబరు ఉండదు. ఖాళీ ఉన్న చోట, ఖాళీ ఉన్నప్పుడు ఇస్తారు. ఆగస్టుకు ఆమె పాయింట్లు చాలలేదు. 2024 ఆగస్టులో 214లో ఎవరో కొత్తవాళ్ళు దిగారు, సామాను మొయ్యడానికి ఫ్లాయిడ్ సాయం చేశాడు. పేకాటకు ఒకళ్ళు తక్కువైతే వాళ్ళనే పిలిచాం. ఆట బాగానే సాగింది.

మార్లిస్‌కు 2025 ఫిబ్రవరిలో అయిదు రాత్రులు దొరికాయి, వెనుక భవనంలో ఒంటి గది. అక్కడ్నుంచి నాకు ఫోన్ చేసింది.

“ఎలా ఉంది?” అన్నాను.

“చల్లగా ఉంది. వానల్లేవు. మనం ఎప్పుడూ ఇలాంటి వాతావరణమే కావాలనుకునేవాళ్ళం కదా.”

“ఎవరైనా పరిచయమయ్యారా?”

“అందరూ కెనడా వాళ్ళే. వాళ్ళలో వాళ్ళు పాతికేళ్ళుగా ఎరిగినవాళ్ళు. నేను కూర్చున్న కుర్చీ ఎవరిదోనట, లేవమన్నారు. మర్యాదగానే చెప్పార్లే.”

మంగళవారం ఫలహారానికి వెళ్ళావా అని అడిగాను. వెళ్ళిందట. ఈసారి బేకన్ లేదట.

ఇప్పుడు ఆమె లైమాలో ఒక కిరాణా దుకాణంలో వారానికి నాలుగు రోజులు గల్లా దగ్గర సరుకులు సంచుల్లో వేసే పని చేస్తోంది, నిలబడి. జీతం వాయిదాకూ నిర్వహణ రుసుముకూ సరిపోతుంది. వాయిదా నెలకు మూడు వందల యాభై మూడు డాలర్లు. ఈ మార్చిలో పద్దెనిమిదో వాయిదా కట్టాక ఆమె ఇంకా బాకీ ఉన్నది పందొమ్మిదివేల అరవై డాలర్లు.