సరిగ్గా ఒక మీటరు

మా అన్న కూతురు మమతకు బడిలో హోంవర్క్ ఇచ్చారు. సరిగ్గా మీటరు పొడవున్న వస్తువును వెతికి, కొలిచి రాయాలట. నాలుగో తరగతి లెక్కే అయినా, బీకాం చదివిన కాకగా నాకు పరువు సమస్య. అందుకే ఈ రోజు భివండీలోని కనేరిలో అన్న పనిచేసే మగ్గాల కార్ఖానాకు తీసుకెళ్ళాను. నేసిన బట్టను మడతపెట్టి కొలిచే ఇనుప కడ్డీ అక్కడుంది. ఒక మడత ఒక మీటరు. ఆ మీటర్ల మీదే అన్నకు కూలి.

మమత తన ముప్పై సెంటీమీటర్ల స్కేలు మూడుసార్లు పెట్టింది. ఆపైన పది రావాలి, పద్నాలుగు వచ్చింది. పిల్ల చెయ్యి జారిందేమోనని నేనే కొలిచాను. పద్నాలుగే. నా అనుమానం పిల్ల మీది నుంచి కడ్డీ మీదికి పాకింది. అంటే మీటరు మీటరుకూ నాలుగు సెంటీమీటర్ల బట్ట అన్న ఉచితంగా నేస్తున్నాడా?

మడతల లెక్క రాసుకునే గుమాస్తా మెహతాజీ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"గది ప్లాస్టిక్ స్కేలు బిడ్డా. ఎండకు సాగుతది."

"స్కేలు సాగితే కడ్డీ తక్కువ రావాలె గద తాతా? ఎక్కువెట్ల వస్తది?"

ఆయన గట్టిగా ఆలోచించాడు.

"అయితే సలికి ముడుసుకున్నట్టుంది."

భివండీలో చలి! చెమట తుడుచుకుంటూ విన్నాం.

మమత నోటుబుక్కులో "దొరకలేదు" అని రాసింది. అక్కడ ఆరేళ్ళుగా నేస్తున్న అన్న ఇంటికొచ్చాక ఒక్కటే అడిగాడు.

"బిడ్డా, రేపు నీ స్కేలు నాకిస్తవా?"

మీ కార్ఖానా కడ్డీ ఎంతుందో కొలిచి ఇక్కడ రాయండి. స్కేలును మాత్రం జేబులో వెచ్చగా పెట్టుకెళ్ళండి.