నీళ్ల అడుగు కనిపించే చోటు

మొన్న మాఘమాసంలో, తోటలో ఆఖరి విడత కాఫీ పళ్ల కోత సాగుతుండగా, మా ఇంటి వెనక అద్దెకిచ్చే గదిలో దిగిన విజయవాడ దంపతులు పొద్దున్నే ఉప్మా తింటూ, వచ్చే నెల తాము వెళ్లబోయే కరీబియన్ ఓడ ప్రయాణం గురించి మాట్లాడుకుంటున్నారు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ సముద్రం అడుగు చూసే స్నార్కెలింగ్‌కి మంచి చోటేదో ఎంత వెతికినా తేలడం లేదట. ఫోన్లో ఒకరు స్వర్గమన్న చోటును ఇంకొకరు దండగ అంటున్నారట. నేను కాఫీ గ్లాసులు వాళ్ల ముందు పెడుతూ, మీ ఓడ ఏయే దీవుల్లో ఆగుతుందని అడిగాను. మర్యాదకి అడిగాననుకుని చెప్పారు. బార్బడోస్‌లో అయితే పడమటి ఒడ్డున దిగండి, తూర్పు వైపు పోకండి, పొద్దున ఎనిమిది కాకముందే నీళ్లలో దిగండి, ఆ తర్వాత పడవలొచ్చి ఇసుక రేపేస్తాయి అన్నాను. ఇద్దరూ తినడం ఆపి, అరకు లోయలో కాఫీ తోట చూసుకునే ఈ ముసలావిడకి ఇవన్నీ ఎలా తెలుసన్నట్టు నా వంక చూశారు.

ఎలా తెలుసంటే, నేను పదకొండేళ్లపాటు ఆ ఓడల్లో నర్సుగా పనిచేశాను. మన ఈడు వాళ్లకి బార్బడోస్, జమైకా, ఆంటిగ్వా అంటే రేడియోలో క్రికెట్ కామెంటరీ గుర్తొస్తుంది. మా నాన్న కూడా ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని ఆ పేర్లు వినేవాడు గానీ, తన కూతురు వాటిలో దిగి నడుస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. విశాఖపట్నంలో నర్సు చదువు ముగించి, అక్కడే ఒక పెద్దాసుపత్రిలో ఆరేళ్లు చేశాక, నాకన్నా ముందు ఓడకెక్కిన మా సీనియర్ సిస్టరు నన్నూ రమ్మని ఉత్తరం రాసింది. ఓడలు మునుగుతాయని మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. మునిగితే ఈదుతానన్నాను. అది ధీమా కాదు, నిజంగానే నాకు ఈత వచ్చు.

మా ఊరి పక్కన కొండమీంచి ఒక గెడ్డ దిగేది. వానాకాలంలో ఎర్రగా ఉరికినా, చలికాలం వచ్చేసరికి మెడలోతు మడుగులో కూడా అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉండేది. మా అమ్మమ్మ వెదురు బుట్టతో అక్కడ చేపలూ పీతలూ పట్టేది. ఆవిడ తిన్నగా నీళ్లలో దిగేది కాదు. ముందు గట్టున కూర్చుని ఒక ఎండుటాకు నీళ్లలో వేసి, అది ఎటు పోతుందో, ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో చూసేది. ఆకు ఆగిన చోట రాయీ ఇసుకా కలిసే అంచున చేపలుండేవి. నాకు ఆరేళ్లప్పుడు ఒకసారి ప్రవాహం నన్ను లాక్కుపోతే జుట్టు పట్టి బయటికి లాగి, కొట్టకుండా ఒకే మాట చెప్పింది.

“నీటితోటి దెబ్బలాడకే గుంటా. అది మోసుకెల్తే పక్కకి తప్పుకో, అదే ఒగ్గేస్తాది.”

ఇక ఓడ సంగతి. రెండు వేల మంది ప్రయాణికులకి మాది ఒక చిన్న ఆసుపత్రి. ఓడ దీవి దగ్గర ఆగిన రోజున సాయంత్రం నాలుగయ్యేసరికి మా గుమ్మం ముందు వరస కట్టేవారు. ఒకరికి పాదం నిండా సీ అర్చిన్ అనే సముద్రజీవి ముళ్లు, ఒకరికి పగడపు రాయి గీరిన మోకాళ్లు, ఇంకొకరికి జెల్లీచేప తగిలి చేతిమీద ఎర్రటి చారలు. వీపులు కాలినవాళ్లకైతే లెక్కే లేదు. ముళ్లు తీస్తూ, మందు రాస్తూ ఊరుకోలేక అడిగేదాన్ని, ఎక్కడ దిగారు, ఏ వేళ దిగారు, అడుగు కనిపించిందా, ఏం చూశారు అని. నొప్పి మరిపించడానికి మొదలెట్టిన మాటలు ఏడాది తిరిగేసరికి ఒక నోటుపుస్తకం అయ్యాయి, తెలుగులో, దీవికి రెండు పేజీల చొప్పున. ఏ ఒడ్డున అలలు రాళ్లకేసి కొడతాయో, వాన పడ్డాక ఏ వాగు కలిసే చోట రెండు రోజులు నీళ్లు బురదగా ఉంటాయో, తాబేళ్లు మేసే గడ్డి ఎక్కడుందో అన్నీ ఆ దెబ్బలే నాకు చెప్పాయి. మిగతాది సెలవు దొరికిన పూటల్లో నేనే దిగి చూసుకున్నాను.

ఆ పూటల్లో నాకు తోడు ఓడ వంటగదిలో పనిచేసే అన్న. సొంత అన్న కాడు. భీమిలి దగ్గరి మత్స్యకారుల పల్లె నుంచి వచ్చినవాడు. ఓడ మొత్తం మీద తెలుగు మాట వినిపించేది మా ఇద్దరి మధ్యే కనక వరస కలుపుకున్నాం. మొదటిసారి నీళ్లలోకి దిగే చోటు నేను చూపిస్తానంటే నవ్వాడు.

“ఏటి సెల్లెమ్మా, కొండలో పుట్టినదానివి, సముద్రం గురించి నాకు సెప్తన్నావా?”

కానీ అద్దం పెట్టుకుని ముఖం ముంచాక, పైకి లేచి, వెంటనే మళ్లీ ముంచాడు. తరతరాలుగా సముద్రం మీదే బతికిన ఇంట్లో పుట్టి, సముద్రం లోపల ఎలా ఉంటుందో అప్పుడే చూశాడట. మా కాడ సెయ్యి ముంచితే సెయ్యి కనపడదు, వల ఏం సెప్తే అదే మాకు తెలుసు అన్నాడు. అప్పట్నుంచి గాలినీ అలల్నీ అతను చూసేవాడు, నీళ్ల అడుగు నేను చూసేదాన్ని.

ఒక రోజు మాత్రం ఇప్పటికీ నిన్నటిలా ఉంది. మా పెద్ద డాక్టరు గారు స్కాట్లండు మనిషి, ఇరవై ఏళ్లు ఓడల్లో తిరిగినా లోతంటే భయపడి ఏనాడూ సముద్రంలో కాలు పెట్టలేదు. పదవీ విరమణకు ముందు అదే ఆయన ఆఖరి ప్రయాణం. ఒక్కసారి తాబేలును దాని ఇంట్లో చూసి పోవాలని ఉంది, తీసుకెళ్తావా అని నన్నడిగారు. ఆ మాట విని ప్రయాణికులకి వ్యాయామం నేర్పే పొడుగాటి ఆస్ట్రేలియా అతను, తనకి అన్నిటికన్నా మంచి చోటు తెలుసని డాక్టరు గారితో, అన్నతో, నాతో కలిసి బయల్దేరాడు. ఒక చిన్న దీవిలో అతను చూపించిన చోటు నిజంగా అందంగానే ఉంది. పగడపు రాళ్ల గోడకి మధ్యలో ఒక సందు, ఆ సందులో నెమలి కంఠం రంగు నీళ్లు, మిగతా అంతటా నురుగు ఉంటే అక్కడ మాత్రం నున్నగా, అల లేకుండా. ఆ నునుపే నాకు నచ్చలేదు. ఒడ్డున రాలిన ఒక వెడల్పాటి ఆకు తీసి వేశాను. అది తిన్నగా, తొందరపడుతున్న మనిషిలా, సందులోంచి బయటి సముద్రంలోకి పోయింది.

ఇక్కడ వద్దన్నాను. డాక్టరు గారు ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆస్ట్రేలియా అతను నవ్వి, ఆకుకి ఈత రాదు కదా అని నీళ్లలోకి దూకాడు. ఐదు నిమిషాల్లో అతని తల దూరాన నిమ్మకాయంత అయింది. చేతులు ఆడించి ఒడ్డుకేసి ఈదుతున్నాడు గానీ ఒడ్డు దగ్గరవడం లేదు. అన్న చొక్కా విప్పేశాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

“నువ్వూ అందులోనే పోతావు. ఎదురీదొద్దని, పక్కకి పొమ్మని చెప్పాలి అతనికి.”

“గాలి ఎదురు, మాట వినపడదు. సూపిత్తానుండు,” అని అన్న రాతి మీదికెక్కి, విప్పిన ఎర్ర చొక్కాను తల మీంచి ఎడమ పక్కకి, మళ్లీ ఎడమ పక్కకే, పెద్దగా విసరడం మొదలెట్టాడు. వాళ్ల పల్లెలో ఒడ్డున నిలబడి పడవలకి దారి చూపే పద్ధతట అది. నేను ఇసుకలో ఎడమ వైపు పరుగెత్తుతూ చేత్తో చూపించాను. అతనికి అర్థం కావడానికి పట్టిన ఆ రెండు నిమిషాలూ నా పదకొండేళ్లలోకెల్లా పెద్దవి. చివరికి తల తిప్పి, ఒడ్డుకి వరసగా ఈదాడు. కొంతదూరం పోయాక ప్రవాహం వదిలింది, అలలే అతన్ని లోపలికి తెచ్చి పడేశాయి. మోకాళ్లు గీరుకుపోయాయి. చాలాసేపు ఇసుకలో కూర్చుని, తలెత్తకుండానే, “ఇప్పుడు ఎక్కడ దిగుదామో నువ్వు చెప్పు” అన్నాడు.

నేను వాళ్లను, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక కొండకొమ్ము వెనక్కి నడిపించాను. గాలి మా వీపుకి తగలడం మానింది. అక్కడ వేసిన ఆకు వేసిన చోటే ఊగింది. నడుంలోతులో డాక్టరు గారి చెయ్యి పట్టుకుని, ఊపిరి గట్టిగా తీయకండి, మామూలుగా తీయండి అన్నాను. ఆయన వేళ్లు నా చేతిని నలిపేశాయి. ఆ పట్టు నెమ్మదిగా వదులైంది, తర్వాత పూర్తిగా విడిచింది. కింద ఒక తాబేలు, మా ఊళ్లో ముసలి ఆవు మేసినట్టు, గడ్డి మేస్తూ పోతోంది. దాని వెనకే ఆయన తేలుతూ పోయారు. వెళ్దాం రండి అంటే రాలేదు. ఓడకి వేళ మించుతుంటే అన్న “బేగి రండి సారూ” అని తెలుగులోనే కేకేసి లేపాడు. వీపు కాలి, రెండు రోజులు నా చేతే మందు రాయించుకున్నారు. అంత ఆనందంగా మందు రాయించుకున్న రోగిని నేను మళ్లీ చూడలేదు.

ఆ డాక్టరు గారు నాలుగేళ్ల కిందట పోయే దాకా ప్రతి ఏడూ కార్డు పంపారు. అన్న ఓడ పని మానేసి భీమిలి దగ్గరే ఉన్నాడు, అతని మేనల్లుడు మాత్రం ఇప్పుడు అదే దారిలో తిరిగే ఓడలో ఉన్నాడు. పోయిన ఎండాకాలం ఆ మేనల్లుడు కొండకొమ్ము వెనక నీళ్లలో తీసిన ఫొటో అన్న నాకు పంపించి, ఫోను చేశాడు. ఆ ఏడు సముద్రం బాగా వేడెక్కి, రాళ్ల మీది పగడం చచ్చి తెల్లబడిందట.

“సున్నం కొట్టినట్టు అయిపోనాయి సెల్లెమ్మా రాళ్లన్నీ. సేప కూడా నేదు.”

రాళ్ల ఆకారం నేను గుర్తుపట్టాను. నీళ్లు అప్పటికన్నా తేటగా ఉన్నాయి కూడా. ఇవాళ ఏ చోటుకైనా దారి ఫోనే చెప్తుంది, ఆకు వేసి చూసే ఓపిక ఎవరికీ అక్కర్లేదు, దాన్ని నేను తప్పనను. కానీ మన చిన్నప్పుడు పెద్దలు మనుషులు పోతారు, కొండా నీళ్లూ ఉండిపోతాయని చెప్పేవారు, మనం నమ్మాం. నేనింకా ఉన్నాను, కళ్లు బాగానే కనిపిస్తున్నాయి, ఆ వేళ చూసినదంతా రంగులతో సహా చెప్పగలను. అక్కడికి వెళ్లి చూడమని మాత్రం ఎవరికీ చెప్పలేను.