మాంత్రికుడి మూతి మీద అతుకు

నాకు సరిగ్గా రాయడం రాదు. చదివింది ఐదో తరగతి వరకే. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. చదివేవాళ్లు ముందే మన్నించాలి. జుబేదా చాచీ గురించి ఇంకెవరూ రాసేటట్టు లేరు కాబట్టి నేనే కూర్చున్నాను.

నిన్న ఒకామె కుట్టమని తెల్ల బట్ట తెచ్చింది. మడత విప్పగానే కొత్త గంజి వాసన. ఆ వాసనకు కొల్లాపూర్‌లో మా చిన్నప్పటి డేరా సినిమా కళ్ల ముందుకొచ్చింది.

చాచీ మా పక్కింట్లో ఉండేది. బట్టలు కుట్టేది. ఎనభైల్లో ఒకసారి గాలివానకు డేరా సినిమా తెర చిరిగితే దాన్నీ ఆమే కుట్టింది. అందుకని చాచీనీ, ఆమె వెంట ఉన్న నన్నూ ఊరికే లోపలికి రానిచ్చారు. అది జానపద సినిమా. మాంత్రికుడు గుడ్లురిమి, గుహంతా మోగేటట్టు నవ్వగానే నేను చాచీ ఒడిలో మొహం దాచుకున్నాను.

"ఇంటికి పోదాం చాచీ. వాడు నన్నే చూస్తుండు."

"ఊరంత కూసుంటే నువ్వే దొరికినవా వానికి? జర లే."

చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకుపోయింది. అక్కడ బొమ్మ తిరగబడి, మాంత్రికుడు ఎడమచేత్తో మంత్రదండం పట్టుకుని ఉన్నాడు. గాలికి తెర ఊగితే వాడి ముక్కు సాగింది.

"గిది చూడు బేటీ, నా అతుకు. సీదా వాని మూతి మీదనే పడ్డది."

వేలు పెట్టి చూశాను. కొత్త గంజి వాసన కొట్టే ఉత్త బట్ట. వాడు అరుస్తూనే ఉన్నాడు, నేను వాడి మూతి తడుముతూ నవ్వుతూనే ఉన్నాను. డేరా మనిషి వచ్చి కసిరాడు. "తెర ఊగుతాంది, అవతలికి పోండ్రి!"

కొన్నేళ్లకు నాయిన నడుము పడిపోయింది. నేను పల్లీల మిల్లుకు కూలికి పోయాను. నా కూలి మీదే ఇంట్లో పొయ్యి వెలగాలి. మేస్త్రీ అరిస్తే పైన రేకులు అదిరేవి. ఒకరోజు ఆ అరుపుకు నా చేతిలో చాట జారి గింజలు మట్టిపాలయ్యాయి. అందరి ముందు తిట్టాడు. తెల్లారి నేను పనికి పోలేదు. రేపు కూడా రాకుంటే వేరేవాళ్లను పెట్టుకుంటానని కబురు పంపాడు. అమ్మ ఏడ్చింది. చాచీ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎట్లుంటడే వాడు?"

"ఆ సినిమాల మాంత్రికుని లెక్కనే, చాచీ."

"అయితే అతుకు ఉంటది. ఏడుందో ఎతుక్కో, పో."

పొద్దున మిల్లుకు పోయాను.

"వచ్చిందమ్మా మహారాణి! రేపటి సంది పల్లకి పంపాల్నా?" అని మేస్త్రీ చెయ్యెత్తి అరిచాడు. ఎత్తిన చెయ్యి కింద, చంకలో, అంగీ జానెడు చిరిగి ఉంది. పిన్నీసు పెట్టుకున్నాడు. భార్య పోయిందని, పిల్లలకు తానే వండి పెట్టి వస్తాడని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నోట్లోంచి ఎట్లా వచ్చిందో వచ్చింది.

"మేస్త్రీ, అంగీ చినిగింది. పొద్దూకినంక ఇయ్యి, కుట్టి తెస్త."

ఆడవాళ్లంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మేస్త్రీ చెయ్యి దించాడు. "పో పో, పని చూస్కో" అన్నాడు, మెల్లగా. సాయంత్రం అంగీ ఇచ్చాడు కూడా. చాచీ నన్ను తన మిషన్ ముందు కూర్చోబెట్టి, కాళ్లతో తొక్కడం చూపించి, నాతోనే కుట్టించింది. నేను వేసిన మొదటి కుట్టు అదే. ఇప్పటికీ ఆ పనితోనే బతుకుతున్నాను.

చాచీ ఇప్పుడు లేదు. దవాఖానలో గానీ, ఆఫీసులో గానీ ఎవరైనా గట్టిగా అరిస్తే ఈ వయసులోనూ మొదట నా గుండె జారుతుంది. ఆ తర్వాత కళ్లు వాటంతట అవే అతుకు కోసం వెతుకుతాయి. ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దొరికాక ఆ మనిషి మీద కోపం కూడా ఉండదు.

ఈ తెల్ల కాగితం కూడా నన్ను బాగా భయపెట్టింది. ఎట్లాగో నింపాను. ఇందులో మీకు చాలా అతుకులు కనిపిస్తాయి. వేలు పెట్టి చూసి, నవ్వి, నన్ను క్షమించండి.