తొంభై అయిదు మిల్లీమీటర్ల బ్లేడు

మా ఆవిడ తొంటి ఎముక విరిగి ఖమ్మంలో ఆసుపత్రి మంచం మీద ఉన్న రోజుల్లో, దుమ్ముగూడెంలోని మా ఇంట్లో ఒక బాత్‌రూమ్ సగం కట్టి ఉంది. గురువారం ఇంటికి పంపుతానన్నాడు డాక్టరు. ఒకటే షరతు: ఆమె ఇక మోకాళ్లు ముడిచి కింద కూర్చోకూడదు. మా పెరట్లో ఉన్నది కింద కూర్చునే పాతకాలపు మరుగుదొడ్డి. కాబట్టి గురువారానికి కుర్చీలాగా కూర్చునే కమోడ్ సిద్ధం కావాలి. నేలకు టైల్స్ పడితే గాని మేస్త్రి కమోడ్ బిగించడు. బిగించాక రెండు రోజులు ఆరాలి. సోమవారం పని పూర్తి, మంగళ బుధవారాలు ఆరడం, గురువారం ఆవిడ రాక. ఇదంతా డైరీలో రాసుకుని అడుగున రెండు గీతలు గీశాను.

ఆ గీతల సిరా ఆరకముందే, సోమవారం పొద్దున, టైల్స్ కోసే మిషన్ ఆగిపోయింది. మిషన్ బాగానే ఉంది, దాని బ్లేడే అయిపోయింది. మేస్త్రి దాన్ని ఊడదీసి, పళ్లూడిన ముసలివాణ్ణి చూసినట్లు చూశాడు.

"పండ్లన్నీ పోయినయ్ సార్. కొత్తది కావాలె. నేను భద్రాచలం పొయ్యి తెస్త."

మేస్త్రి మంచి పనివాడే. కానీ మంచి పనివాళ్లు సామాను కొనడానికి వెళితే కొట్లో ఏది చేతికి దొరికితే అది తెస్తారని నాకొక అభిప్రాయం ఉండేది. పైగా నేను సర్కారు కొలువులో ముప్పై ఏళ్లు కాలువలు కొలిచిన సర్వేయర్ని. నేను కొలిచిన కాలువల్లో కొన్నింటికి నీళ్లు రాలేదు. కొలతల్లో మాత్రం తేడా రాలేదు.

"నేనే తెస్తాను," అన్నాను.

"అయితే పాతది పట్టుకపోండ్రి. సూపిస్తే ఇస్తడు."

పాత వస్తువును చేతిలో పట్టుకుని కొట్టు కొట్టూ తిరిగి "ఇట్లాంటిది కావాలి" అని అడగడం మా ప్రాంతంలో అందరూ చేసే పనే. నల్లా వాషరు కోసం నల్లానే ఊడదీసుకు వెళ్లిన వాళ్లను చూశాను. చదువుకున్నవాడు చేయవలసిన పని కాదది. స్టీలు స్కేలు తెచ్చి బ్లేడును నిలువుగా, అడ్డంగా, ఐమూలగా కొలిచాను. అడ్డకొలత తొంభై అయిదు మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం ఇరవై. డైరీలో బొమ్మ కూడా గీశాను. పాత బ్లేడును కిటికీలో వదిలేసి బస్సెక్కాను. బ్లేడు వచ్చేదాకా పక్కనున్న పర్ణశాల ఊళ్లో ఇంకో పని చూసుకుంటానని మేస్త్రి వెళ్లిపోయాడు.

భద్రాచలంలో మొదటి కొట్టాయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల కుటుంబం మనిషి. మర్యాదకు లోటు లేదు.

"ఇదుగోండి మాస్టారూ, నాలుగంగుళాల బ్లేడు."

నేను స్కేలు తీశాను. "ఇది నూట పది మిల్లీమీటర్లుందండీ."

"అవునండి. నాలుగంగుళాలే."

"నాలుగంగుళాలంటే నూట ఒకటిన్నర."

"అది లెక్కల పుస్తకంలోనండి. ఇది బ్లేడు."

"నాకు కావలసింది తొంభై అయిదు."

"అలాంటిది రాదండి. పాతది తెచ్చారా?"

డైరీ తెరిచి బొమ్మ చూపించాను. ఆయన దాన్ని పక్కనున్న గిరాకీకి కూడా చూపించి, "బొమ్మ బాగుందండి. బ్లేడు తీసుకురండి, చూద్దాం," అన్నాడు.

రెండో కొట్టులోనూ నూట పది. మూడో కొట్టాయన టీ తాగుతూ నా కొలతలన్నీ ఓపికగా విన్నాడు. రంధ్రం ఇరవై సరిపోయిందని చెబితే సంతోషించాడు. అడ్డకొలత చిన్నది కావాలంటే ఆలోచనలో పడ్డాడు.

"పెద్దసారూ, మీకు చిన్నదే కావాల్నా?"

"అవును."

"అయితే ఇదే కొనుక్కపోండ్రి. వాడుకుంట పోతే అదే చిన్నగైతది."

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. బయటికి వచ్చి బస్టాండు అరుగు మీద కూర్చుని డైరీలో అతని మాట రాసి, కింద ఇలా చేర్చాను: మూడవ దుకాణదారుడు వేళాకోళం మనిషి, సాంకేతిక పరిజ్ఞానం శూన్యం.

మంగళవారం ఖమ్మం బస్సెక్కాను. ఆవిడను చూసినట్లూ ఉంటుంది, పెద్ద ఊళ్లో సరైన కొలత దొరుకుతుందని ఆశ కూడా. అయిదు కొట్లు తిరిగాను. అయిదింటిలోనూ నూట పది. జిల్లా మొత్తం కూడబలుక్కుని నా మీద కుట్ర చేసిందని నాకు రూఢి అయింది. ఒక కొట్టాయనైతే నా మాట సగంలోనే, "పాతది తెచ్చినవా?" అన్నాడు. ఈ ప్రశ్న అప్పటికి ఆరుసార్లు విన్నాను. ఆరుసార్లూ డైరీ చూపించాను.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లేసరికి ఆవిడ దిండుకు ఆనుకుని బత్తాయి తింటోంది.

"అయిపోయిందా బాత్‌రూము?"

"ఈ జిల్లాలో ఒక్కడికీ కొలత తెలియదు," అని మొదలుపెట్టి, రెండు రోజుల డైరీ చదివి వినిపించాను. మూడో కొట్టాయన అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె బత్తాయి పక్కన పెట్టింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత తొంటి పట్టుకుని, "అమ్మా, నవ్వియ్యకయ్యా, కుట్లు గుంజుతున్నయ్," అంది.

"ఏముంది ఇందులో నవ్వడానికి?"

"ఆయన చెప్పిండు గదయ్యా నీకు! సబ్బు కొన్ననాడు ఎంతుంటది, పారేసేనాడు ఎంతుంటది?"

"సబ్బుకూ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఏంది సంబంధమా? బండల మీద రుద్దితె అరగదా? నువ్వు కొలిచింది అరిగినదాన్ని."

పక్క మంచం మీది పెద్దావిడ కూడా ఇటు తిరిగింది. "అరిగినదాన్ని కొలిసిండా?" అంది. "అవ్ వదినా, మూలమూలకు కొలిసి రాసుకుండు," అంది మా ఆవిడ. అంతవరకు వాళ్లిద్దరికీ మాటల్లేవు. నా పుణ్యమా అని ఆ పూటతో వరస కలిసింది.

నేను డైరీ మూసేశాను. కాసేపటికి ఆవిడ నవ్వు ఆపి, గొంతు తగ్గించి అడిగింది: "ఈడ బెడ్‌పాన్‌తోటి పానం పోతుంది. నర్సును పిలవాల్నంటే సిగ్గయితది. ఎల్లుండి ఇంటికొస్తే మన దాంట్ల కూసోవచ్చు గదా?"

"కూర్చోవచ్చు," అన్నాను. లెక్క ప్రకారం అది అబద్ధం.

సాయంత్రం భద్రాచలంలో దిగి నేరుగా మొదటి కొట్టుకే వెళ్లాను. మూడో కొట్టుకు వెళ్లే ధైర్యం లేదు. ఆయన నూట పది బ్లేడు కాగితంలో చుట్టి ఇస్తూ, "ఇంతకీ పాతది చూశారాండి?" అన్నాడు. "చూశాను," అన్నాను. ఇంటికి వచ్చి కిటికీలోని పాత బ్లేడును కొత్తదాని మీద పెట్టి చూశాను. చుట్టూ ఏడున్నర మిల్లీమీటర్లు తక్కువ. ఆ ఏడున్నరలో కొంత మా గోడల టైల్స్ కోయడంలోనే పోయి ఉంటుంది. రోజూ పక్కనే కుర్చీ వేసుకుని చూస్తూ ఉన్నాను.

బుధవారం పర్ణశాల నుంచి మేస్త్రి వచ్చాడు. బ్లేడు బిగించి, సాయంత్రానికల్లా నేల టైల్స్ ముగించి కమోడ్ నిలబెట్టాడు. సిమెంటు తడి మీద చెయ్యి ఆడిస్తూ అన్నాడు:

"శుక్రవారం సాయంత్రం దాక దీనిమీద ఎవ్వరు కూసోవద్దు సార్. కదిలితే మళ్ల పగలగొట్టాలె."

"ఆమె రేపే వస్తుంది, మేస్త్రీ."

"సోమవారమే బ్లేడొస్తే అయిపోతుండె గదా," అన్నాడు. అందులో నింద లేదు, అందుకే ఎక్కువ తగిలింది. వసారాలో చూపు తిప్పి, నా ప్లాస్టిక్ కుర్చీ దగ్గర ఆపాడు. పన్నెండేళ్లుగా నేను డైరీ రాసేది అందులోనే. "గా కుర్చీ మీద మీకేమన్న పావురం ఉన్నదా సార్?"

అంత మమకారమేమీ లేదని చెప్పి, కొయ్యబోయే రంధ్రానికి కొలత తీయడానికి స్కేలు తేబోయాను.

"కొలతలొద్దు సార్," అని కుర్చీ మీద ప్లాస్టిక్ బకెట్ బోర్లించి, చుట్టూ పెన్సిలు తిప్పి, ఇనుము కోసే రంపపు బ్లేడుతో ఆ గుండ్రాన్ని కోసి తీశాడు. అంచులు గుచ్చుకోకుండా ఉప్పు కాగితంతో రుద్దాడు. కింద బకెట్ పెట్టి చూపించాడు. పదిహేను నిమిషాల పని.

గురువారం నేనూ మేస్త్రీ ఆవిడను జీపులోంచి దింపి లోపలికి నడిపించాం. వాకర్ పట్టుకుని, ఆరుతున్న కమోడ్‌నూ దాని పక్కనున్న కుర్చీనీ మార్చి మార్చి చూసింది.

"ఇది నీ డైరీ కుర్చీ గదయ్యా?"

"అవును."

"నడుమ రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు?"

మేస్త్రి మొహం అటు తిప్పుకున్నాడు.

శుక్రవారం సాయంత్రానికి కమోడ్ ఆరింది. ఆవిడ మాత్రం ఆదివారం దాకా కుర్చీయే వాడింది. అలవాటయిందట. మంచం పక్కకు జరిపించుకున్నాక సుఖంగా ఉందట. ఆ నాలుగు రోజుల డైరీ వంటింటి స్టూలు మీద కూర్చుని రాశాను. వీపుకు ఆనుకోవడానికి ఏమీ లేక అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి.