తెరచాపకు వేసిన అంచు

మా మేనత్త బట్టలు సరిచేసే దుకాణం నడుపుతుంది. కొత్తవి కుట్టదు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళకు నడుం దగ్గర వదులు చేయడం, అంతే. తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయాక నన్ను తన రెండో మిషను ముందు కూర్చోబెట్టింది. ఆ దుకాణంలో ఒక గోడ నిండా గుండీల డబ్బాలున్నాయి. సగం డబ్బాల్లో గుండీలుండవు. ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలుంటాయి, రంగుకో డబ్బా.

వాటితో ఓడో ఇల్లో కట్టుకునే, తయారీ ఎప్పుడో ఆపేసిన పాత సెట్లు వెతికి తెచ్చి, తగ్గిన ముక్కలు ఒక్కొక్కటే సంపాదించి పూర్తి చేయడం అత్తకు ఇష్టం. తర్వాత తనలాంటి వాళ్ళతో మార్చుకుంటుంది. వాళ్ళు పదిపన్నెండు మంది ఉంటారు. వాళ్ళకో పద్ధతి ఉంది. మార్పిడి రోజు ఎదురెదురుగా కూర్చుని, ముక్కలన్నీ ఉన్నాయో లేదో తేలేలా ఒకరి సెట్టు ఒకరు కడతారు. చివరి ముక్క పడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

అత్తకు కావలసింది ఒక లైట్‌హౌస్ సెట్టు. చిన్నప్పుడు కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లల గదిలో అది ఉండేదట. రోజుకు కొంచెం కట్టుకుంటూ పోయింది. పైన దీపం పెట్టాల్సిన రోజు పొద్దున్నే ఇంటికి పంపేశారు. "కాలు అతికింది గానీ అదే అతకలేదు" అనేది. ఆరేళ్ళు వెతికితే ఆ సెట్టు ఒక పళ్ళ డాక్టరు దగ్గర తేలింది. ఆయనకు అత్త దగ్గరున్న తెరచాప ఓడ కావాలి. ఆదివారం రమ్మంది.

శనివారం ఓడ ముక్కలు లెక్క చూస్తూ, తెరచాపలున్న కవరును తెరవకుండానే నాకు చూపించింది.

"దీని గొప్పదనమంతా ఈ గుడ్డముక్కలదేనే. ఇటుకలు ఎక్కడైనా దొరుకుతాయి. ఫ్యాక్టరీలో కోసింది కోసినట్టున్న తెరచాపలు దొరకవు."

నా చెయ్యి మిషను మీదే ఆగిపోయింది. దుకాణంలో చేరిన మొదటి వారం, డబ్బాలు తుడుస్తూ ఆ కవరు తెరిచాను. పెద్ద తెరచాపకు అంచున పోగులు లేచి ఉన్నాయి. మా పనిలో పోగులు లేచిన అంచును ఎవరూ అలా వదిలేయరు. అంచు మడిచి తెల్లదారంతో సన్నగా హెమ్మింగ్ చేసి కవరులో పెట్టేశాను. అత్త చూసి మెచ్చుకుంటుందని కొన్నాళ్ళు ఎదురుచూశాను కూడా. ఆవిడ ఆ కవరు తీయనే లేదు.

చెప్పాలనుకున్నాను, చెప్పకుండా మళ్ళీ మిషను తొక్కాను. కుట్టు విప్పేద్దామనుకున్నాను. విప్పినా సూది గుచ్చిన చోట్లు కనిపిస్తాయని నాకు తెలుసు.

ఆదివారం డాక్టరు గారు నోట్లో చూసే చిన్న అద్దం కూడా వెంట తెచ్చుకున్నారు.

"ఏమ్మా, పళ్ళు రెండు పూటలా తోముతున్నావా?" అన్నారు నాతో.

"దాన్నేం అడక్కండి డాక్టరు గారూ. జవాబు వచ్చేసరికి మీకు పళ్ళూడిపోతాయి" అంది అత్త.

ఇద్దరూ కట్టడం మొదలుపెట్టారు. ఆయన ప్రతి ముక్కనూ తిరగేసి అద్దంతో అడుగున చూస్తున్నారు. అత్త ఎరుపు వరస, తెలుపు వరస పేర్చుకుంటూ, గుండీ బిగువు చూసినట్టు ఒక్కో ఇటుకనూ బొటనవేలితో నొక్కి చూస్తోంది. చివరికి ఆవిడ చేతిలో పసుపుపచ్చ దీపం ముక్క ఒక్కటే మిగిలింది. ఆయన తెరచాపల కవరు అందుకున్నారు.

"ఆ పెద్దదానికి నేను కుట్టేశాను" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఏం కుట్టావే?" అంది అత్త.

"అంచు. పోగులు లేస్తుంటే. నేను చేరిన కొత్తలో."

డాక్టరు గారు తెరచాపను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశారు.

"ఈ కుట్టును ఇక్కడ పట్టుకునేవాణ్ణి కాదేమో. ఇంటికెళ్ళాక పట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత మీ అత్తతో మార్పిడికి ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు."

అత్త దీపం ముక్కను బల్ల మీద పెట్టి ఆయన వైపు జరిపింది.

"మీ లైట్‌హౌస్ మీరు తీసుకెళ్ళండి డాక్టరు గారూ. నా సెట్టు పూర్తిగా లేదు."

ఆయన ఓడను చూశారు, లైట్‌హౌస్‌ను చూశారు. తర్వాత దీపాన్ని మాత్రం జేబులో వేసుకున్నారు.

"నా సెట్టు కూడా ఇప్పుడు పూర్తిగా లేదు. సరికి సరి. అసలు తెరచాప దొరికిన రోజు తెండి, ఇది ఇస్తాను."

"పన్ను పీకినట్టు పీకేశారు" అంది అత్త.

"నొప్పి తెలియకుండానే పీకానుగా" అని ఓడ సర్దుకున్నారు.

ఆయన వెళ్ళాక అత్త బల్ల సర్దింది. లైట్‌హౌస్ తీసి నా మిషను పైన అరలో పెట్టింది.

"అప్పుడూ ఇంతవరకే కట్టాను" అంది. తర్వాత, "కుట్టు మాత్రం సన్నగా ఉంది. ఇకమీద ఏది మడిచినా ముందు నన్నడుగు" అంది.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం పాతసామాన్ల కొట్లు తిరుగుతున్నాం. అత్త ఇటుకలు చూస్తుంది, నేను గుడ్డల అంచులు చూస్తాను. పోయిన నెల ఒక బుట్ట అడుగున ఆ ఓడ తెరచాపే దొరికింది. అంచు తిప్పి చూశాను. ఎవరో మడిచి కుట్టేశారు, నాకన్నా వంకరగా.